ఆట మానని నీడ

పొద్దున ఏడు కొట్టేసరికి సూరత్ లింబాయత్‌లో రాత్రిపాళీ వాళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు, దిగి, చెవుల్లోంచి దూది పీకేసుకుంటూ చాయ్ బండ్ల దగ్గర నిలబడతారు. ఆ వేళకే మునిసిపల్ బడి వెనక మైదానంలో పరమేశ్ నీడ ఒళ్ళు వేడి చేసుకుంటూ ఉంటుంది. ముందు మైదానం చుట్టూ నెమ్మదిగా పరుగు, తర్వాత భుజాలు తిప్పడం, ఆ తర్వాత గోల్ ముందున్న గీత దాకా మూడంగల్లో వచ్చి పైకి లేవడం. నీడ పైకి ఎట్లా లేస్తుందని అడక్కండి. ఒక్క క్షణం నేల మీద ఏమీ ఉండదు, మరుక్షణం మళ్ళీ వచ్చి పడుతుంది, అంతే.

గేటు తాళం తీసే వాచ్‌మన్ సోమలింగం, హ్యాండ్‌బాల్ ఆడటానికి వచ్చే ఆడపిల్లలతో రోజూ ఒకే మాట చెప్తాడు. "నీడొచ్చింది. సార్ రాలే." పిల్లలు సంచులు పక్కన పడేసి దాని వెనక పరుగు మొదలుపెడతారు. గోడ మీద చీరలు ఆరేసుకునే ఆడవాళ్ళు తమ పసివాళ్ళను, ఆటకు అడ్డం పోకండని ఇవతలికి లాక్కుంటారు. సున్నంతో గీతలు గీసే మనిషి అది పక్కకు జరిగేదాకా డబ్బా పట్టుకుని నిలబడతాడు. మబ్బు పట్టిన రోజున అది ఎక్కడుంటుందో ఎవరూ ఆరా తీయలేదు. ఎవరి పనులు వాళ్ళకున్నాయి.

కాసేపటికి పరమేశ్ తన పాత స్కూటర్ మీద దిగుతాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, ఆ క్షణం నుంచే తిట్లు లంకించుకుంటాడు. నలభై దాటాయి, పొట్ట వచ్చింది. కుర్చీకి నీడ ఉంటుంది, స్కూటర్‌కు ఉంటుంది, అతనికి మాత్రం ఉండదు. అది గీత దగ్గర పాతికేళ్ళ నడుముతో ఎగురుతూ ఉంటుంది మరి. ఈ మనిషి మంచివాడని చెప్పడానికి నేను ఈ కథ ఎత్తుకోలేదు. నోరు తెరిస్తే కంపు. కానీ సూరత్ మొత్తం మీద ఆడపిల్లలకు హ్యాండ్‌బాల్ నేర్పడంలో అతనికి సాటి లేరనేది కూడా నిజం, ఏం చేస్తాం.

సాంచాల మీద బతికే మనవాళ్ళకు ఒక పాడు అలవాటుంది. పోగు తెగితే సాంచా ఆపాలి, ముడి వేయాలి, మళ్ళీ నడపాలి. ఎవడు ఆపుతాడు? ఆపితే మీటర్లు తగ్గుతాయి, సేట్ మొహం మాడ్చుకుంటాడు. అందుకని నడిచే సాంచాలోనే వేళ్ళు దూర్చి ముడి వేసేస్తారు. అట్లా వేసినవాణ్ణే పనిమంతుడంటారు. వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు కూడా అదే మాట అంటారు, సిగ్గులేకుండా.

పరమేశ్ తండ్రి అట్లాంటి పనిమంతుడు. పరమేశ్ కూడా ఆ కార్ఖానాల్లోనే పెరిగి, ఆ బలమైన చేతులతో బంతి విసిరి గుజరాత్ జట్టు దాకా వెళ్ళాడు. ఉధనా రైల్వే మైదానంలో ఒక మ్యాచ్‌కు రైల్వే వాళ్ళు ఉద్యోగానికి మనిషిని చూసుకోవడానికి వచ్చారు. మొదటి సగంలోనే పరమేశ్ మోకాలు మెలికపడింది. బయటికి రమ్మన్నారు. వస్తాడా? తండ్రి చేతి సంచిలో చీరల అంచు నుంచి కత్తిరించిన గట్టి పట్టీ ఒకటుంటే, దాన్ని బిగించి కట్టుకుని మళ్ళీ లోపలికి ఉరికాడు. రెండోసారి దూకేసరికి కాలు పూర్తిగా పోయింది. ఆటోలోకి ఎత్తుతుంటే, నీడ అక్కడే ఉండిపోయిందిరా అని ఎవరో అన్నారు. కాలు చూడాలా, నీడ చూడాలా? ఆటో వెళ్ళిపోయింది. మిగిలిన ఆట నీడ ఆడింది. తర్వాత పరమేశ్ కోచ్ అయిన మైదానానికి అదే వెతుక్కుంటూ వచ్చింది.

అతని చోటులోకి దిగిన జనార్దన్‌ను రైల్వే వాళ్ళు తీసుకున్నారు. జనార్దన్ గుమాస్తా కొడుకు, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు, ఓ మోస్తరు ఆటగాడు. ఇప్పుడు అదే రైల్వే మైదానంలో ఆడపిల్లల జట్టుకు కోచ్. పరమేశ్ ఆ పేరు వింటే ఉమ్మేస్తాడు. తన కాలు తీసుకుని తన కొలువు కొట్టేశాడని ఊరంతా చెప్పుకుంటాడు. ఆ మాటలో నిజం ఎంతుందో అతనికి తెలియదని కాదు. తెలిసే చెప్తాడు.

ఇక వినోద సంగతి. సాంచాలు నడిపే బుచ్చిరాములు కూతురు, పదిహేనేళ్ళది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్ళంతా చీరల మీద తళుకు టిక్కీలు అంటించే పని చేస్తారు. బంకతో వేళ్ళ కొసలు ఎప్పుడూ పొలుసు లేచి ఉంటాయి. వినోదకు ఆ పనంటే వెగటు. బంతి పట్టుకున్నప్పుడు మాత్రమే తన చేతులు తనకు నచ్చుతాయి. ఈసారి కామ్‌రేజ్‌లో జరిగే జిల్లా ఫైనల్ చూడటానికి రాష్ట్ర క్రీడా హాస్టల్ వాళ్ళు వస్తున్నారు. నచ్చిన పిల్లకు హాస్టల్‌లో సీటు, చదువు, తిండి, అన్నీ వాళ్ళవే. ఆ ఒక్క సీటు కోసం వినోద పొద్దున, సాయంత్రం మైదానంలోనే ఉండేది.

నేర్చుకునేది మాత్రం పరమేశ్ దగ్గర కాదు. నీడ అడుగులో అడుగేసి ఉరికేది, అది లేచినప్పుడు లేచేది, అది దిగినప్పుడు దిగేది. కుర్చీలో కూర్చున్నవాడికి ఇది మింగుడుపడలేదు. తన నీడే అయినా సరే, తనకంటే అది మంచి కోచ్ అంటే ఎవడికి మండదు?

"ఏందే, నేనొకటి చెప్తే నువ్వొకటి చేయవడ్తివి?"

"నీడ గట్లనే దిగుతది సార్. రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంచి."

"నీకు కోచ్ నేనా, గా నీడనా?"

వినోద నేల వైపు చూసింది. నేల మీద ఏముంది, ఆ నీడే ఉంది. పరమేశ్‌కు ఒళ్ళు మండిపోయింది. చెప్పు తీసి దాని మీదికి విసిరాడు. అది కొంచెం జరిగి మళ్ళీ పరుగెత్తింది.

"రెండు కాళ్ళ మీద దిగితే ఎదుటోళ్ళు ముసురుకుంటరు. ఒంటికాలు మీద దిగి, అదే ఊపుల పక్కకు మర్లాలె. మళ్ళ దుంకు. ఒంటికాలు మీదనే దిగాలె. లేదంటే సంచి సర్దుకొని ఇంటికి నడువ్."

రాత్రి కురిసిన వానకు గోల్ ముందు పోసిన కాంక్రీటు ఇంకా తడిగా ఉంది. పిల్లలందరికీ అది కనిపిస్తూనే ఉంది, పరమేశ్‌కూ కనిపించింది. వినోద మూడంగలు వేసి లేచింది, ఎడమకాలు మీద దిగింది. మోకాలు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు తిరిగాయి. పిల్ల అరవలేదు. కింద కూర్చుని మోకాలు రెండు చేతులతో పట్టుకుని, సార్ వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో నొప్పి కంటే అసహ్యం ఎక్కువుంది.

పర్వత్ పాటియాలో డాక్టర్ ఫోటోలు తీయించి, మోకాలి లోపల లిగమెంటు సగం చిరిగిందన్నాడు. కాలు కదపకుండా ఉంటే అతుక్కుంటుంది, ఇప్పుడే ఆడితే పూర్తిగా తెగుతుంది, తెగాక ఆపరేషన్ చేసినా ఆట సంగతి చెప్పలేనన్నాడు. ఫైనల్ వచ్చే ఆదివారమే.

ఆ సాయంత్రమే పరమేశ్ వినోద ఇంటికి వచ్చాడు. క్షమించమని అడగడానికి వచ్చాడనుకుంటే మీరు అతన్ని ఇంకా ఎరగరు.

"డాక్టర్లు అన్నీ బంద్ పెట్టుమంటరు బావా," అన్నాడు బుచ్చిరాములుతో. "అంచుపట్టీ బిగించి కడ్త. గంట ఆట. సీటొచ్చినంక పండబెట్టు, ఎన్ని రోజులన్న పండబెట్టు."

బుచ్చిరాములు తల గోక్కున్నాడు. సగం జీవితం నడిచే సాంచాల మీద ముడులు వేసినవాడు, వేరేగా ఏం ఆలోచిస్తాడు? "మరి సాంచా ఆపకుంటనే ముడేస్తం గదా. ఏమైతది తియ్," అన్నాడు.

మూలన టిక్కీలు అంటిస్తున్న వినోద నానమ్మ వెంకటవ్వ చేతిలోని చీర పక్కకు తోసేసింది. "పోరి కాలు ఏమన్న పోగారా, తెగితే ముడేస్తానికి? నీ కాలు నువ్వు తెంపుకున్నవు పరమేశూ. నా మనుమరాలి కాలు తెంపుతానికి నువ్వెవనివి?"

"నువ్వు ఊకో అవ్వా, నీకు ఆట గురించి ఏం ఎరుక."

"ఆట ఎరుక లేదు. నిన్ను మాత్రం మస్తుగ ఎరుక."

వినోద గోడకు ఆనుకుని కాలు చాపుకుని ఉంది. ఇద్దరి మీదా ఒకేసారి విరుచుకుపడింది. "నేను ఆడ్త నానమ్మా, బస్. ఈ టిక్కీలు జిందగీ మొత్తం అంటిస్త కూసోను." ఆ తర్వాత పరమేశ్ వైపు తిరిగింది. "మీ కోసం కాదు సార్. సీటొచ్చినంక మీ మొఖం గూడ చూడ."

"చూడకు. నాకేం గావాలె నీ చూపు? గెలువు, చాలు," అన్నాడు పరమేశ్. అతనికి కావాల్సింది సీటు కాదు. ఫైనల్లో ఎదుటి జట్టు జనార్దన్‌ది.

కామ్‌రేజ్‌లో హైవే పక్కన ఒక ప్రైవేటు బడి మైదానం. ఆదివారం పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. పిల్లలు టెంపోలో వచ్చేసరికి పరమేశ్ నీడ గోల్ వెనకాల నిలబడి ఉంది. ప్రతి మ్యాచ్‌కూ అది అట్లాగే వస్తుంది. రిఫరీ దాన్ని చూసి, గీతకు అవతల ఉండమని వేలు చూపించి, గడియారం సరిచేసుకున్నాడు.

వినోద మోకాలికి పరమేశ్ పట్టీ చుడుతుంటే జనార్దన్ దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో విజిల్, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ నెమ్మది కూడా ఒళ్ళు మండించే నెమ్మదే.

"మళ్ళీ అదే గుడ్డా పరమేశ్?"

"నీకెందుకు? నా పోరి, నా గుడ్డ."

"ఆ పిల్ల కుంటుతోందయ్యా. కళ్ళు లేవా నీకు?"

"ఆనాడు నేను కుంటినప్పుడు నీకు కండ్లు లెవ్వా? ఉరికొచ్చి నా జాగల నిలవడ్డవు."

"నీ కాలు నేను విరగ్గొట్టలేదు. నువ్వే కట్టుకున్నావు, నువ్వే దూకావు. నేను ఖాళీగా ఉన్న చోట నిలబడ్డాను, అంతే. ఇన్నేళ్ళ నుంచీ నన్ను తిట్టుకుంటూ బతుకుతున్నావు. ఇంకేం పని లేదా నీకు?"

పరమేశ్ పట్టీని ఇంకో చుట్టు బిగించాడు. వినోద పళ్ళు కొరుక్కుంది. ఇద్దరు పెద్దమనుషులు తన తల మీదుగా పాత కక్షలు విసురుకుంటున్నారు, మధ్యలో కాలు మాత్రం తనది.

మొదటి సగం పిల్ల ఆడిందంటే ఆడింది. హాస్టల్ వాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. దూరం నుంచి కొట్టింది, సందులోంచి కొట్టింది, గోల్‌కీపర్ కాళ్ళ కిందినుంచి కొట్టింది. ప్రతిసారీ కుడికాలు మీద దిగుతోంది, అందువల్ల ప్రతిసారీ వంకరగా పడుతోంది. రెండో సగానికి మోకాలు పట్టీ పైనా కిందా ఉబ్బి, మధ్యలో నొక్కుకుపోయింది. జనార్దన్ పిల్లలు అది పసిగట్టారు. ఎడమవైపు నుంచి మీదికి రావడం మొదలుపెట్టారు. జనార్దన్ వాళ్ళను వద్దనలేదు. ఆ రోజు ఆ మైదానంలో పెద్దవాళ్ళెవరూ మంచివాళ్ళు కారు.

ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయనగా స్కోరు సమానమైంది. వినోద బంతి అందుకోబోయి కూలబడింది. లేచింది, మళ్ళీ కూలబడింది. పరమేశ్ ఆమెను బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద వంగి పట్టీ విప్పి తిరిగి చుట్టడం మొదలుపెట్టాడు.

"ఒక్క గోల్. ఒక్కటే ఒక్కటి. వాని మొఖం మీద కొట్టిరా."

"జల్ది కట్టుండ్రి," అంది వినోద. మొహంలో నెత్తురు లేదు.

అప్పుడు గోల్ వెనకాల నుంచి నీడ కదిలింది. ఆట సాగుతున్న మైదానానికి అడ్డంపడి నేరుగా వచ్చింది. రిఫరీ విజిల్ నోటి దాకా ఎత్తి దించేశాడు. అన్నేళ్ళలో అది పరమేశ్ దాపులకు వచ్చింది లేదు. అతను దాన్ని తిట్టడం, అది దూరంగా ఎగరడం, ఇదే నడిచింది. ఇప్పుడు వచ్చి, వంగి ఉన్న అతని పాదాల దగ్గర ఆగి, మెల్లగా అతని కాళ్ళ కిందికి చేరి, మామూలు మనుషుల నీడల మాదిరి అతుక్కుంది.

పరమేశ్ కేక పెట్టాడు. హైవే మీద లారీ డ్రైవర్లు కూడా తల తిప్పి చూసేంత కేక. ఉధనాలో కాలు పోయిన రోజున అతను ఏడ్వలేదు, ఆస్పత్రిలో డాక్టర్ మోకాలు నొక్కితే నొప్పి లేదన్నాడు, అంతా గట్టి గుండె అనుకున్నారు. గట్టి గుండె లేదు, ఏమీ లేదు. ఆ నొప్పి అంతా మైదానంలో ఉండిపోయిన దానితోనే ఉండిపోయింది. నొప్పి తెలియని మనిషి ఇన్నేళ్ళూ కుర్చీలో కూర్చుని పిల్లలను దూకమన్నాడు. ఇప్పుడు అదంతా ఒక్కసారిగా వచ్చి, ఆ రోజు ఎట్లా ఉందో అట్లాగే, పచ్చిగా అతని మోకాలిలోకి దిగింది.

నేల మీద పడి కాలు పట్టుకున్నాడు. చేతిలో పట్టీ కొస ఇంకా ఉంది, రెండో కొస వినోద కాలికి ఉంది. ఆ పిల్ల మోకాలు అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. పట్టీ కింద ఏం జరుగుతోందో మొదటిసారి తెలిసింది. అతను ఏడుస్తూ పట్టీ విప్పసాగాడు.

"విప్పుతున్నరేంది? కట్టుండ్రి సార్. టైం అయిపోతున్నది."

"వద్దు బిడ్డా. నువ్వు ఆడొద్దు."

"నా సీటు పోతది."

"పోనీ. కాలు పోవద్దు."

వినోద అతని చేతిలోంచి పట్టీ గుంజుకోబోయింది. అతను రెండు చేతులా ఆ పట్టీని పొట్ట కింద పెట్టుకుని దాని మీద బోర్లా పడుకున్నాడు. పిల్ల పిడికిళ్ళతో అతని వీపు మీద గుద్దింది. "మీ లెక్క నన్ను గూడ చేస్తున్రు. మీకు రాలేదని నాకు గూడ రానిస్తలేరు," అని ఏడ్చింది. అతను గుద్దులు తిన్నాడు గానీ లేవలేదు. వినోద బదులు వేరే పిల్ల దిగింది. జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. సీటు జనార్దన్ జట్టులోని అమ్మాయికి వచ్చింది. తిరుగు టెంపోలో వినోద అతని పక్క సీటు ఖాళీగా ఉన్నా అక్కడికి పోలేదు, వెనకాల బంతుల సంచి మీద కూర్చుంది.

ఆ రోజు నుంచీ మునిసిపల్ మైదానంలో పొద్దున్నే నీడ ఎగరడం ఆగిపోయింది. సోమలింగం తాళం తీసి, ఏం చెప్పాలో తెలియక ఊరికే నిలబడేవాడు. పరమేశ్ తన నీడను ఈడ్చుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. అది కూడా కుంటుతోంది, దానికీ పొట్ట వచ్చింది. తిట్లు తగ్గాయా అంటే తగ్గలేదు, కానీ తడిసిన కాంక్రీటు మీద దూకమని మళ్ళీ ఎవర్నీ అనలేదు. వినోద కాలు చాపుకుని నెలల తరబడి టిక్కీలు అంటించింది. అతను వీధిలోంచి పోతుంటే తలుపు వేసేది. వెంకటవ్వ మాత్రం ఒకసారి తలుపు సందులోంచి చూసి, "కుంటున్నవా? కుంటు," అంది.

కాలు అతుక్కున్నాక వినోద మునిసిపల్ మైదానానికి రాలేదు. ఉధనాకు పోయి జనార్దన్ జట్టులో చేరింది. లింబాయత్ అంతా ముక్కున వేలేసుకుంది. ఆ మాట చాయ్ బండి దగ్గర విన్న పరమేశ్ గ్లాసు నేలకేసి కొట్టాడు. జనార్దన్‌ను తిట్టాడు, పిల్లను తిట్టాడు, బుచ్చిరాములు ఇంటి వంశాన్ని మొత్తం తిట్టాడు. ఆ తర్వాత, హాస్టల్ వాళ్ళు మళ్ళీ వచ్చి పిల్లలను చూసే రోజున, ఎవరికీ చెప్పకుండా రైల్వే మైదానం తీగె కంచె అవతల నిలబడ్డాడు.

వినోద నీలం చొక్కాలో ఉంది. మూడంగల్లో గీత దాకా వచ్చి లేచింది. ఆ లేవడం అతనిది, ఒకప్పటి అతనిది, అందులో వెంట్రుకవాసి తేడా లేదు. పరమేశ్ కంచె తీగెను పట్టుకున్నాడు. పిల్ల గాల్లో ఉన్నంతసేపూ అతని మోకాలు లోపల సూదులు దింపినట్టు సలిపింది. బంతి ఎటు పోయిందో చూడలేదు, కాళ్ళే చూశాడు. రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంచి దిగింది. నిలబడింది.

మళ్ళీ ఉరికింది, మళ్ళీ లేచింది, మళ్ళీ నిలబడింది. మధ్యలో ఒకసారి తల తిప్పి కంచె వైపు చూసింది. అతన్ని గుర్తుపట్టింది. మొహం తిప్పుకుంది. హాస్టల్ వాళ్ళు జనార్దన్‌ను కంచె పక్కకు పిలిచి వినోద పేరు అడిగారు. జనార్దన్ చెప్పాడు, ఈ పిల్లకు అట్లా దూకడం నేర్పింది ఎవరని వాళ్ళు అడిగితే తనేనని కూడా చెప్పాడు.

పరమేశ్ ఆ మాట విన్నాడు. నోటి దాకా వచ్చిన తిట్టు ఒకటి ఉంది. వినోద అప్పుడే మళ్ళీ పైకి లేచింది, అందుకని పిల్ల కిందికి దిగేదాకా నోరు మూసుకున్నాడు.